పదకొండు రోజుల ఏడాది

జూన్ 8

అమ్మాయీ,

ఇక్కడ నేనూ నా నిచ్చెనా ఇద్దరం క్షేమం. నిచ్చెనకు మాత్రం కింది నుంచి మూడో మెట్టు వదులైంది, మేకు కొట్టించాలి. నాకు ఎక్కడా మేకులు కొట్టించాల్సిన అవసరం ఇంకా రాలేదు.

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. మీ కొండ మీదికి సరుకుల వ్యాను గురువారం ఒక్కసారే వస్తుందనీ, మీ ఉత్తరాలు అదే వ్యానులో కిందికి దిగాలనీ తెలుసు. అయినా సోమవారం పోస్టుమాన్ వచ్చే వేళకు మెట్ల మీద కూర్చుంటున్నాను. కింద లేత్ మిషన్ ఆయన చూసి, "ఏం బోర్డుల తాతా, ఎవరి కోసం ఈ ఎదురుచూపులు" అని ఆట పట్టిస్తున్నాడు. కోడలి ఉత్తరం కోసమంటే నోరు వెళ్లబెట్టాడు. ఫోనులో నా చెవికి సగం మాటలే పడతాయనీ, మీ కొండ మీద ఆ సగం కూడా దొరకదనీ అతనికేం తెలుసు.

ఇంతకీ అసలు కబురు. వీధి చివర లైబ్రరీలో పిల్లల కోసం ఒక గది కట్టారు. దాని సీలింగు మీద ఆకాశం వేసిపెట్టమని లైబ్రరీ మేడం అడిగింది. జీవితమంతా దుకాణాల పేర్లూ, బాణం గుర్తులూ, 'ఇచ్చట వాహనములు నిలుపరాదు'లూ రాసినవాణ్ణి. ఆకాశం కావాలని ఇంతవరకూ ఎవరూ నా మెట్లెక్కలేదు. ఒక్క షరతు మీద ఒప్పుకున్నాను. ఆ ఆకాశంలో మా అబ్బాయి కనిపెట్టిన గ్రహం ఉండాలి. ఆవిడ సంతోషంగా సరేనంది.

నవంబరులో వాడెక్కిన జీపు పొగమంచులో లోయలోకి జారకపోయి ఉంటే, ఈ వివరాలన్నీ వాడినే అడిగేవాణ్ణి. ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. గ్రహం ఏ రంగులో ఉంటుంది? చుక్క పక్కన ఎంత వేయాలి? దాని గురించి మీవాళ్లు వ్యాసం ఎప్పుడు బయటపెడతారు? వాడు నాకు మిగిల్చి పోయింది అదొక్కటే కదమ్మా. అది వాడి పేరు మీద నిలబడితే చాలు, నాకింక ఏ కోరికా లేదు.

మామయ్య

జూన్ 18

మామయ్యగారికి నమస్కారాలు.

ముందు మూడో మెట్టుకు మేకు కొట్టించండి. ఆకాశం తర్వాత.

గ్రహం రంగు ఎవరికీ తెలియదు. దాన్ని ఎవరం కంటితో చూడలేదు, చూడలేం కూడా. దాని నక్షత్రమే మామూలు కంటికి ఆనదు. సూర్యుడి పక్కన నిలబెడితే అది మరుగుజ్జు, వెలుగు కూడా మసక ఎరుపు. పుస్తకాల్లో దానికి ఒక పొడుగాటి నంబరు తప్ప పేరు లేదు. మీ అబ్బాయి మాత్రం 'బుడ్డి' అనేవారు, బుడ్డిదీపంలా ఉంటుందని. ఇక్కడ అందరికీ ఇప్పుడు అదే అలవాటైంది.

మరి చూడకుండా ఎలా చెప్పారంటారా? చంటిపిల్లను చంకనెత్తుకున్న మనిషి రెండో పక్కకు కొంచెం ఒరుగుతుంది కదా. మసక వెలుతురులో పిల్ల కనిపించకపోయినా ఆ ఒరగడం చూసి పిల్ల ఉందనుకుంటాం. గ్రహం తిరుగుతుంటే నక్షత్రం కూడా అలాగే ఇటూ అటూ ఊగుతుంది. బుడ్డి పదకొండు రోజులకోసారి ఊగుతోందని ఆయన పట్టుకున్నారు. అంటే అక్కడ పదకొండు రోజులకే ఏడాది తిరిగిపోతుందన్నమాట.

ఇక వ్యాసం. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరైనా గ్రహం దొరికిందంటే, అది గ్రహం కాదని తేల్చడానికి ఇంకొకరు శాయశక్తులా ప్రయత్నించాలి. ఆ మనిషిని 'ప్రత్యర్థి' అంటాం. ఆ ప్రత్యర్థి సంతకం లేకుండా ఏదీ గడప దాటదు. ఎవరు కావాలో కనిపెట్టినవాళ్లే ఎంచుకోవాలి. ఆయన నన్ను ఎంచుకున్నారు. "ఇంట్లో ఎలాగూ నా మాట ఒక్కటీ సాగనివ్వదు, ఇక్కడ కొత్తగా నేర్పే పని ఉండదు" అన్నారు. అందరూ నవ్వారు.

కాబట్టి కొంచెం ఆగండి మామయ్యా. ఆకాశం వేయండి, చుక్కలు వేయండి. గ్రహం మాత్రం ఇప్పుడే వద్దు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. టెలిస్కోపు గోపురం మూసే ఉంటోంది, చేతినిండా ఖాళీ. మా తోటి పరిశోధకుడు ఒకాయన రోజూ చదరంగానికి పిలుస్తున్నారు, వెళ్తున్నాను. గదిలో ఇప్పటికీ కప్పులు రెండూ కడిగి బోర్లిస్తున్నాను. తాగేది ఒక్కదానిలోనే. మీ ఉత్తరం ఉన్న గురువారం మాత్రం వ్యాను డ్రైవరు హారన్ రెండుసార్లు కొడతాడు, నేను పరిగెత్తుకొస్తానని తెలుసు కాబట్టి. వారమంతా నాకు ఆ రెండో హారన్ మీదే ధ్యాస. రాస్తూ ఉండండి.

ఆయన నీలం స్వెటరు మీ దగ్గర ఉండిపోయింది. ఉండనివ్వండి. ఆ ఇంట్లో మాది ఒకటి ఉందనుకుంటే నాకు బాగుంటుంది.

మీ కోడలు

జూలై 22

అమ్మాయీ,

ఆగమన్నావు. ఎందుకో రాయలేదు, ఎన్నాళ్లో రాయలేదు. సరే, పెద్ద చదువుల సంగతి మనకెందుకులే అని నోరు మూసుకుని ఆగాను. ఇంతలో మీ పెద్ద సారు ఏదో మీటింగుకని వచ్చి, నన్ను పలకరించడానికి మా మెట్లెక్కారు. మంచి మనిషి. వాడి గురించి రెండు మాటలు చెప్పి కళ్లు తుడుచుకున్నారు. వ్యాసం ఎంతవరకు వచ్చిందని అడిగితే, అది ఎప్పుడో సిద్ధమైందట. ఏప్రిల్ నుంచి నీ దగ్గరే ఉందట. ఔననో కాదనో నువ్వు సంతకం పెట్టడమే తరువాయట. ఆయన కాఫీ తాగి వెళ్లిపోయారు.

కట్టుకున్న మనిషి కష్టాన్ని నెలల తరబడి నీ బల్ల మీద పెట్టుకుని, నాకు చంటిపిల్ల కథ చెప్పావన్నమాట.

నువ్వు చెప్పిన ఆ పదకొండు రోజుల ఏడాదిని పట్టుకుని లెక్క వేశాను. ఆ లెక్కన వాడు పోయి అక్కడ ఇరవై ఏళ్లు దాటింది. ఇరవై ఏళ్లయితే ఎంతటి దుఃఖమైనా కాస్త చల్లారాలి. నాకు చల్లారలేదు. ఆ గ్రహం లెక్క నా దగ్గర పనిచేయడం లేదు. నీ దగ్గర పనిచేస్తోందేమో.

చదరంగం ఆయన గురించి రాశావు. నువ్వు చిన్నదానివి. రేపు ఎవరినైనా చేసుకుంటానంటే అడ్డుపడే మనిషిని కాను, ముందు వరసలో కూర్చునేది నేనే. కానీ అందుకోసం వాడి గ్రహాన్ని లేకుండా చేయనక్కర్లేదు.

నేను గ్రహం వేసేశాను. చుక్కను మసక ఎరుపులోనే వేశాను, నువ్వు చెప్పినట్టు. గ్రహానికి నారింజ రంగు. ఎవరికీ తెలియని రంగైతే నాకు నచ్చింది వేస్తే తప్పేముంది. ఎంత పెద్దదంటే నా పిడికిలంత.

ఈ కవరుతో పాటు ఒక పార్సిల్ వస్తుంది. అందులో వాడి నీలం స్వెటరు ఉంది. నీ దగ్గరే ఉంచుకో.

మామయ్య

జూలై 30

మామయ్యగారికి,

రెండో హారన్ విని వానలో పరిగెత్తాను. గొడుగు కూడా తీసుకోలేదు.

చదరంగం ఆయనకు వచ్చే ఏడు రిటైర్మెంటు. మోకాళ్ల నొప్పులు. గుర్రం ఎటు వెళ్తుందో రోజూ మరిచిపోతారు. ఆ విషయం ఇంతటితో వదిలేద్దాం.

గ్రహం లేదు మామయ్యా.

బుడ్డి ఒంటి మీద ఒక పెద్ద మచ్చ ఉంది. ఆ నక్షత్రం తన చుట్టూ తాను తిరగడానికి పదకొండు రోజులు పడుతుంది. మచ్చ ఈ అంచు నుంచి ఆ అంచుకు వెళ్తుంటే, నక్షత్రమే ఊగుతున్నట్టు మా పరికరం భ్రమపడుతుంది. నిజంగా గ్రహం లాగుతుంటే ఏ రంగు వెలుగులో కొలిచినా ఊపు ఒకేలా ఉండాలి. మచ్చ అయితే ఎరుపు వైపుకు జరిగేకొద్దీ ఊపు తగ్గుతుంది. నేను కొలిచాను. తగ్గింది. తప్పు నాదేనేమోనని మళ్లీ మొదటి నుంచి చేశాను. మళ్లీ తగ్గింది. వానలకు ముందు ఆఖరిసారి చూసినప్పుడు అసలు ఊపే సగమైంది. మచ్చ కూడా కరిగిపోతోంది.

ఆయన బతికి ఉంటే ఆ నిమిషంలోనే చెప్పేదాన్ని. పోట్లాడేవారు. ఒక పూట నాతో మాట్లాడేవారు కాదు. తర్వాత నా కాగితాలు లాక్కుని తనే మొత్తం సరిచూసి, "నువ్వే గెలిచావు, టీ పెట్టు" అనేవారు. ఎదురు జవాబు చెప్పలేని మనిషితో వాదించి గెలవడానికి నాకు చేతులు రాలేదు.

ఇంకో కారణం కూడా ఉంది, రాసేస్తాను. మీరు రాసిన ప్రతి ఉత్తరంలోనూ గ్రహం ఉంది. అది లేదని తేలితే నాకు రాయడానికి మీకేం మిగులుతుంది? మాకు పిల్లలు లేరు. ఆయన లేరు. మా అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోయారు. నేను మీ కోడలినని చెప్పుకోవడానికి ఆ గ్రహం తప్ప ఇంకే దారీ కనిపించలేదు. అందుకే ఔనని అనలేక, కాదని అనడానికి మనసొప్పక, ఏప్రిల్ నుంచి నాన్చాను. మీ దగ్గర దాచాను. అది తప్పే.

స్వెటరు అందింది. దాన్ని అక్కడే ఉంచమని అడిగాను. మీరు పంపేశారు. ఇంక నన్ను వదిలించుకున్నట్టే కదా, అర్థమైంది.

రేపు 'కాదు' అని రాసి సంతకం పెడుతున్నాను.

మీ కోడలు

ఆగస్టు 2

అమ్మాయీ,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. నా పోయిన ఉత్తరం ఉత్తరం కాదు, ఒట్టి ఉక్రోషం. పోస్టు డబ్బాలో వేసిన మరుక్షణం చెయ్యి లోపల పెట్టి తీద్దామని చూశాను. మణికట్టు దాకానే దూరింది. లేత్ మిషన్ ఆయన వచ్చి బయటికి లాగాడు, వీధంతా నవ్వింది.

పెళ్లి గురించి రాసిన మాట మనసులో పెట్టుకోకు. నాకు భయమేసిందమ్మా. నువ్వు కూడా వెళ్లిపోతే వాడి గురించి మాట్లాడటానికి నాకు ఎవరున్నారు? ఆ భయం నోట్లోంచి అలా వంకరగా వచ్చింది.

స్వెటరు ఎందుకు పంపానో రాయనే లేదు. పెట్టెలో చిమ్మటలు పడ్డాయి. మోచెయ్యి దగ్గర అప్పుడే ఒక చిల్లు పెట్టాయి. మీ కొండ మీద చలికి చిమ్మటలు బతకవు కదా అని పంపాను, ఇంకేం లేదు.

ఇప్పుడొక మంచి కబురు. పిల్లల గది తెరిచారు. పిల్లలు పుస్తకాలు ముట్టుకోవడం లేదు. నేల మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నారు. లైబ్రరీ మేడం తల పట్టుకుంది. గ్రహం ఎవరిదని ఒక్కొక్కరూ అడుగుతున్నారు. "మా అబ్బాయిది" అని చెబుతున్నాను. ఆ మాట అన్న ప్రతిసారీ వాడు పక్క గదిలో ఉన్నట్టుంటుంది. ఈ నెలాఖరులో నువ్వొచ్చి ఆ పిల్లలకు బుడ్డి కథ చెప్పాలి. మేడంకు మాటిచ్చేశాను. సంతకం సంగతి నీ వీలును బట్టి చూసుకో, నేను తొందరపెట్టను.

నీ మామయ్య

ఆగస్టు 13

మామయ్యగారికి,

మీ రెండో తారీఖు ఉత్తరం ఈరోజు అందింది. మీరు అది రాసేసరికే నా ఉత్తరం కొండ దిగిపోయింది. దాన్ని వెనక్కి పిలవడానికి నాకు ఏ డబ్బాలోనూ చెయ్యి పెట్టే వీలు లేదు. ఈపాటికి చదివే ఉంటారు.

చిమ్మటలని ఒక్క ముక్క రాసి ఉంటే, నేను ఇంకొంచెం మెత్తగా చెప్పేదాన్నేమో. అయినా చెప్పాల్సింది అదే.

ఒక్కటి అడుగుతాను. సీలింగు మీద గ్రహాన్ని అలాగే ఉంచండి. పిల్లల గది అది, పరిశోధన వ్యాసం కాదు. దాని మీద ఎవరి సంతకమూ అక్కర్లేదు. నేను మాత్రం రాలేను. ఆ పిల్లలు నా మొహంలోకి చూసి అడిగితే ఉందని చెప్పలేను, మీ పక్కన నిలబడి లేదనీ చెప్పలేను.

మచ్చ కరిగిపోయింది. వానలు కాస్త తెరిపిచ్చినప్పుడు చూశాం. బుడ్డి ఇప్పుడు కదలకుండా ఉంది.

మీ కోడలు

సెప్టెంబరు 10

మామయ్యా,

ఎన్ని గురువారాలు గడిచాయో లెక్కపెట్టడం మానేశాను. డ్రైవరు ఒక్క హారనే కొట్టి, నా వైపు చూడకుండా బస్తాలు దించుకుంటున్నాడు.

కోపమైతే ఉండనివ్వండి. కోపంగా రెండు ముక్కలు రాయండి. మీరు ఆ నిచ్చెన ఎక్కి ఉంటారేమోనని, మూడో మెట్టుకు మేకు కొట్టించారో లేదోనని కిందా మీదా పడుతున్నాను. వచ్చే వారం కూడా ఏమీ రాకపోతే సెలవు పెట్టి దిగుతాను.

మీ కోడలు

సెప్టెంబరు 21

అమ్మాయీ,

నేను పడలేదు. మేకు కొట్టించాను. ఆ విషయంలో నిశ్చింతగా ఉండు.

రాయకపోవడానికి కారణం కోపమే. మొదట నీ మీద. తర్వాత వాడి మీద. ఒక మచ్చను చూసి గ్రహమనుకున్నాడే అని, చచ్చిపోయిన కొడుకు మీద కోపం తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఇంకెవరూ దొరక్క బుడ్డి మీద. దానికి ఒక చిన్న గ్రహం ఉంటే దాని సొమ్మేం పోయింది.

అలాగే ఉంచమన్నావు. లైబ్రరీ మేడంకు చెబితే ఆవిడా అదే మాట అంది, ఎవరికి తెలుస్తుంది, పిల్లలు ముచ్చటపడుతున్నారు కదా అంది. నాకూ అదే కావాలి. ఇద్దరు ఉంచమన్నారు, ఇంకేం అనుకుని ఇంటికొచ్చాను. అయినా మనసు కుదురుగా లేదు. వాడి చిన్నప్పటి సంగతి ఒకటి పదే పదే గుర్తొస్తోంది.

వాడికి పదేళ్లుంటాయి. ఆసుపత్రికి దారి చూపే బోర్డు రాయడానికి వెళ్తే, నిచ్చెన పట్టుకోవడానికి వచ్చాడు. బాణం కుడివైపు వేయాల్సింది ఎడమవైపు వేశాను. దిగాక చూసుకున్నాను. చీకటి పడుతోంది, ఆకలేస్తోంది, పొద్దున్నే వచ్చి దిద్దుదాం పద అన్నాను. వాడు కదల్లేదు. నిచ్చెన వదల్లేదు. "ఈలోగా ఎవరైనా అటు వెళ్తే, నాన్నా?" అన్నాడు. కసిరాను, చెయ్యెత్తాను. అయినా వదల్లేదు. చివరికి దీపం తెప్పించి బాణం దిద్దాకే ఇంటికి వచ్చాం. దారంతా నా వేలు పట్టుకుని నడిచాడు.

వాడు ప్రత్యర్థిగా నిన్నే ఎందుకు పెట్టుకున్నాడో నాకిప్పుడు తెలిసింది. నువ్వు కూడా నిచ్చెన వదలవని.

పోయిన ఆదివారం గ్రహాన్ని చెరిపేశాను. నారింజ రంగు మొండిది. నీలం ఒక పూత వేస్తే కింది నుంచి ఉబికి వచ్చింది. రెండో పూతకూ వచ్చింది. మూడో పూతకు లోపలికి పోయింది. నిచ్చెన మీద కూర్చుని ఏడ్చాను. కింద మేడం నిచ్చెన పట్టుకుని నిలబడింది. నవంబరులో వాణ్ణి తీసుకొచ్చినప్పుడు కూడా ఇంత ఏడవలేదు. అప్పుడు ఇంకా ఏదో మిగిలి ఉందనుకున్నాను.

పిల్లలు అడిగారు, గ్రహం ఏదని. మా అబ్బాయి ఉందనుకున్నాడు, మా కోడలు చూసి లేదని చెప్పింది, ఇద్దరూ ఒక్క పనే చేశారు అన్నాను. ఒక పిల్ల అర్థమైనట్టు తలాడించింది. మిగతావాళ్లు ఆడుకోవడానికి పోయారు.

ఇక నీ భయం గురించి. నాకు రాయడానికి ఏం మిగులుతుందని అడిగావు. నిచ్చెన ఉంది. లేత్ మిషన్ ఆయన ఉన్నాడు, ఆయన వేళాకోళమే వారానికి రెండు పేజీలు వస్తుంది. నా చెవి ఉంది, రోజురోజుకీ దాని కథ పెరుగుతోంది. వాడు పుట్టినప్పటి నుంచి నీ దగ్గరికి వచ్చేదాకా నీకు తెలియని సంగతులు బోలెడున్నాయి, బాణం సంగతి అందులో ఒకటి. నువ్వు నాకు గ్రహం తెచ్చిపెట్టినందుకు కోడలివి కాలేదమ్మా. డ్రైవరుకు రెండో హారన్ మానొద్దని చెప్పు.

స్వెటరును మాత్రం పోస్టులో పంపకు. చిమ్మటల మందు తెచ్చి పెట్టె కడిగి ఉంచాను. నువ్వే తీసుకురా.

పాత నీలం, కొత్త నీలం కలవలేదు. గదిలో మామూలుగా నిలబడితే తెలియదు. కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చుని చూస్తే, బుడ్డి పక్కన నా పిడికిలంత గుండ్రంగా కొంచెం ముదురుగా కనిపిస్తుంది. అక్కడ ఇద్దరు కూర్చునేంత చోటు ఉంది. చూసి వచ్చాను.

నీ మామయ్య